డజను కొత్త చీపుర్లు, ఒక్క కాగితం

బుధవారం, పొద్దున పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా తోటికోడలి కొడుకు షెడ్డులోకి వచ్చాడు. టైము ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, గోడ గడియారం సరిగ్గా నా ఎదురుగా ఉంటుంది. పైగా అక్షరాలు రాకముందు నుంచీ నాకు గడియారం చూడటం వచ్చు. కూలికి పోయే మనిషికి అ ఆలు లేకపోయినా నడుస్తుంది గానీ గంటలు తెలియకపోతే నడవదు.

వాడి చంకలో డజను కొత్త చీపుర్లు. చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం. మెడలో మా పార్టీ కండువా. నా మెడలోనూ అదే కండువా. అప్పటికి నేను మా వార్డుకు ఆ పార్టీ మహిళా విభాగం అధ్యక్షురాలిని. ఆ పదవి పేరు తడబడకుండా చెప్పడం నేర్చుకోవడానికే నాకు రెండు రోజులు పట్టింది.

మాది ఆర్మూర్‌లో ఒక పసుపు వ్యాపారి గోదాము వెనక రేకుల షెడ్డు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టిన పసుపు బస్తాల్లో వస్తుంది. మేం తొమ్మిది మంది ఆడవాళ్ళం కూర్చుని కొమ్ములు ఒక పక్కకి, గుండ్రటి గోళాలు ఒక పక్కకి, పుచ్చులు ఒక పక్కకి ఏరతాం. గుంపుకి మేస్త్రిని నేను. తొమ్మిది మందిలో నలుగురం మా పార్టీ, ఇద్దరు అవతలి పార్టీ, ఒక పిల్ల ఏ పార్టీ కాదు, ఇద్దరు మాత్రం ఎవరు ముందు వచ్చి కండువా వేస్తే వాళ్ళ పార్టీ.

వాడు చీపుర్లు నా ముందు పడేశాడు.

"పెద్దమ్మా, నాలుగింటికి చౌరస్తా కాడ ధర్నా. అందర్ని తోలుకొని రావాలె. టీవీవాళ్ళు వస్తున్నరు."

"దేనికిరా ధర్నా?"

"దేనికేంది! అవతలి పార్టీ లీడరు మన లేడీ ఎమ్మెల్యేని ఎంత మాటన్నడో చూడలే? 'సభ నడుపుడంటే లిప్‌స్టిక్ పూసుకున్నంత అల్కగాదు' అన్నడు. ఆడజాతినే అన్నట్టు గద."

"మరి చీపుర్లెందుకు కొనుక్కొచ్చినవ్? మా కాడ లేవా?"

"మీయి అరిగిపోయినయి పెద్దమ్మా. టీవీల మంచిగ కనవడవు."

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. వాడు చెప్పింది నిజమే. మా చీపుర్లు రోజూ పసుపు దుమ్ము ఊడ్చి ఊడ్చి జానెడు మిగిలాయి. పైగా అవి ఇంతకుముందు చాలా ధర్నాలు చూశాయి. మా పార్టీ ఆడవాళ్ళను ఎవరైనా ఏదైనా అంటే నేను వాటిని ఎత్తేదాన్ని. అవతలి పార్టీ ఆడవాళ్ళను మావాళ్ళు ఏదైనా అంటే, నాకు ఎదురుగా కూర్చునే ఆమె అవే చీపుర్లు అడిగి పట్టుకుపోయేది. ఆమె నాకు వియ్యపురాలి వరస. నేను ఇచ్చేదాన్ని, ఆమె సాయంత్రం తెచ్చి మూలన పెట్టేది. ఒకరి ధర్నాకు ఒకరం పోయేవాళ్ళం కాదు, చీపుర్లు మాత్రం రెండింటికీ పోయేవి.

చీపుర్ల పని అయ్యాక వాడు జేబులోంచి కాగితం తీసి, నా పక్కన కూర్చునే పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు.

"చెల్లె, గీడ ఒక్క సంతకం పెట్టు. మూడింటి లోపల ఆఫీసుల ఇయ్యాలె. నువ్వు రావాల్సిన పని గూడ లేదు. మీ మరిది తీస్కపోయి ఇస్తడు, మాట్లాడిన."

ఆ కాగితం ఏమిటో చెప్పాలి. అప్పుడు మా మున్సిపాలిటీ ఎన్నికలు. మా వార్డు ఆడవాళ్ళకు వచ్చింది. మా పార్టీ లీడరు తన భార్యను నిలబెట్టాడు. అవతలి పార్టీ ఆమె నామినేషను పరిశీలనలోనే చెల్లకుండా పోయింది. గోడల మీద అంటించిన పోస్టర్లలో ఆయన నిలువెత్తున ఉన్నాడు, ఆమె ఆయన మోచేతి దగ్గర దండం పెడుతూ చిన్నగా ఉంది. కొత్తవాళ్ళు చూస్తే ఆయన పోటీ చేస్తున్నాడనీ, ఆమె ఓటు అడగడానికి వచ్చిందనీ అనుకుంటారు.

ఆ పిల్ల అదే వార్డులో ఏ పార్టీ లేకుండా నామినేషను వేసింది. ఎందుకు వేసిందంటే, మా షెడ్ల వరుసలో నూరు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు గానీ ఒక్క మరుగుదొడ్డి లేదు. గోదాము గోడ చాటుకు పోవాలి. ఇద్దరు కాపలా నిలబడితే ఒకరు పోవాలి. అడిగితే లీడర్లందరూ "చేద్దాం" అన్నారు. ఆ పిల్ల ఆరేళ్ళు విని, ఇక తానే చేస్తానని పోయి వేసింది. మేం అందరం మురిసిపోయాం. నేను మాత్రం పార్టీ మనిషిని కనుక లోలోపల మురిశాను. ఆ నామినేషను వెనక్కి తీసుకుంటున్నానని రాసిన కాగితమే వాడు తెచ్చింది, గడువు ఆ రోజు మూడింటి వరకే.

ముందురోజు, అంటే మంగళవారం సాయంత్రం, మా లీడరు వార్డులో మీటింగు పెట్టాడు. మైకు పట్టుకుని అన్నాడు: "మీదికెల్లి ఒకామె పోటీకి వచ్చిందంట. పసుపు ఏరే చేతికి పెన్నిస్తే ఏం జేస్తది? సంతకం పెట్టే జాగల బొట్టు పెడ్తది!" అని ఆగి, జనం వైపు చూశాడు.

జనం నవ్వారు. నేను స్టేజీ మీద ఆయన వెనకే ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. నేనూ నవ్వాను. మైకు ముందు పెద్దమనిషి ఆగి చూశాడంటే నవ్వాలన్నది మాకు అలవాటు. నా చేయీ పసుపు ఏరే చేయే, సంతకం నేర్చుకోవడానికి ఆ చేతికి మూడు నెలలు పట్టింది. ఆ సంగతి నాకు నవ్వడం పూర్తయ్యాక గుర్తొచ్చింది.

ఆ పిల్ల కాగితం చేతిలోకి తీసుకుని, నా వైపు తిరిగింది.

"అవ్వా, నేను వీడియో నాలుగుసార్లు చూసిన. ఆయన మాటకంటె నీ పళ్ళే ఎక్కువ కనవడ్డయి."

"నాకున్నయే పది పళ్ళు బిడ్డా."

"పదికి పది కనవడ్డయి."

ఎవరూ నవ్వలేదు. నేను నవ్విద్దామనే అన్నాను.

"నాకంటె ముందుగాల మస్కట్‌ల చూసిండ్రంట," అంది. ఆమె భర్త అక్కడ పనిచేస్తాడు. "రూముల ఉన్నోళ్ళందరు చూసిండ్రంట. 'ఇజ్జత్ పోయింది, తీసెయ్యి' అన్నడు. పొద్దుగాల సంది ఏడుసార్లు ఫోన్ జేసిండు. పెడ్త సంతకం. నాకు గూడ ఇగ ఓపిక లేదు. గని ఒక్క మాట అడుగుత అవ్వా. ఎన్నడు చూడని లేడీ ఎమ్మెల్యే కోసం నాలుగింటికి చీపురు లేపుతవ్. నేను ఆరేండ్ల సంది నీ పక్కన కూసుంటున్న. నాకోసం లేస్తదా, లేవదా?"

నేను ఒక కొమ్ము తీసి అటూ ఇటూ తిప్పాను. మా తోటికోడలి కొడుకు అందుకున్నాడు.

"చెల్లె, గది వేరు, గిది వేరు. గాయన కావాలని అన్నడు. మనాయన నవ్వులాటకు అన్నడు."

ఎదురుగా కూర్చున్న వియ్యపురాలు ఊరుకుంటుందా?

"అవునయ్యా! మావోడు లిప్‌స్టిక్ అంటె చీపుర్లు కొనుక్కొస్తరు. మీవోడు పెన్ను అంటె కాగితం కొనుక్కొస్తరు."

"నువ్వూకో అత్తా. నిరుడు మావోళ్ళని మీవోడు గాజులు తొడుక్కొని కూసోండ్రని అంటే నువ్వు చప్పట్లు కొట్టలే?"

"కొట్టిన. మస్తు కొట్టిన. అయితేంది?"

షెడ్డులో అందరికంటే పెద్దది, నాకంటే కూడా నాలుగేళ్ళు పెద్దది, ఒక ముసలామె ఉంది. గోళాలు ఆమె చూసినట్టు ఎవరూ చూడలేరు. ఆమె తలెత్తకుండానే తీర్పు చెప్పింది: "ఇంటి మొగోడు ఒక మాటంటె బజార్ల వడ్తమా? మనోడు గద. లోపల్నే అడగాలె."

"లోపలంటె ఎక్కడవ్వా?" అంది ఆ పిల్ల. "నేను ఆయన ఇంటి లోపలిదాన్ని గాదు గద."

మాట ముదురుతోందని, దాన్ని మళ్ళిద్దామని, నేను నా సంచిలోంచి నోట్‌బుక్కు తీశాను. మంచి ఉద్దేశంతో కాదు. ఆ పిల్ల ప్రశ్న నుంచి తప్పించుకోవడానికే తీశాను.

నోట్‌బుక్కు సంగతి ఇది. యాభై రెండేళ్ళ వయసులో సంఘం పెట్టిన సాయంకాలం బడిలో నాకు అక్షరాలు వచ్చాయి. చదవడానికి పుస్తకాలు ఎక్కడివి? మిర్చి బజ్జీలు కట్టిచ్చిన పేపరు ముక్కలే చదివేదాన్ని. నూనె మరకల మధ్య ఎక్కువగా దొరికేవి లీడర్ల మాటలే. ఆడవాళ్ళను పట్టుకుని ఎవరైనా ఒకటి అంటే, దాన్ని నోట్‌బుక్కులోకి ఎత్తి రాసేదాన్ని. కోపంతో అనుకునేరు, కాదు. ఆ వాక్యాలు చిన్నగా, తేలిగ్గా ఉండేవి, చేయి తిరగడానికి బాగుండేవి. తర్వాత టీవీలో విన్నవీ రాశాను, ఇంట్లో విన్నవీ రాశాను.

అయితే ఒక తప్పు చేశాను. ఎవరన్నారో రాయలేదు. మార్కెట్‌లో వేలానికి పెట్టిన కుప్ప మీద చీటీకి లాటు నంబరే ఉంటుంది, రైతు పేరుండదు. కొనేవాడు వచ్చి ఒక కొమ్ము తీసి పటుక్కున విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు, రేటు చెబుతాడు. నలభై ఏళ్ళు ఆ పద్ధతి చూసి చూసి నోట్‌బుక్కులోనూ అదే పెట్టాను. ఒకటి, రెండు, మూడు అని నంబర్లు, పక్కన మాట. పదేళ్ళు గడిచాక చూస్తే మాటలు ఉన్నాయి, అన్న మనుషులు లేరు. నాకే గుర్తులేరు.

"అందరు వినుండ్రి," అన్నాను. "ధర్నాకు పోయేముందు ఎంత కోపం తెచ్చుకోవాలెనో రేటు కడ్దాం. నేను ఒక్కొక్క మాట చదువుత. దానికి ఎన్ని చీపురు దెబ్బలో మీరు చెప్పాలె."

"అన్నోళ్ళెవరో చెప్తవా?"

"చెప్ప. కుప్ప ఎవరిదని అడుగుతడా కొనేటోడు? కొమ్ము ఇరిచి చూడుండ్రి, రేటు చెప్పుండ్రి."

తిండికి లేచే వేళ అయింది. సద్ది గిన్నెలు విప్పుకుంటూ అందరూ దగ్గరకు జరిగారు. వాడు కూడా ఒక బస్తా మీద కూర్చున్నాడు. సంతకం ఎలాగూ తిన్నాక అవుతుందని వాడి ధీమా.

"ఒకటో లాటు," అని చదివాను. "'ఆడవాళ్ళు ఓట్లు వేయాలి గానీ సీట్లు అడగొద్దు.'"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కోపం వచ్చిందో లేదో తెలియాలంటే ముందు అన్నది ఎవరో తెలియాలి. అది తెలియడం లేదు. సిరికొండ నుంచి బస్సులో వచ్చే ఆమె మెల్లగా అడిగింది: "అవ్వా, పోనీ కండువా రంగన్న చెప్పు."

"చెప్ప."

"మీవోడే అయ్యుంటడు," అంది వియ్యపురాలు. "పది!"

"మీవోడే," అన్నాను నేను. "నాది పన్నెండు."

ఇద్దరం రెచ్చిపోయాం. అవతలివాడన్నాడని ఆమె పెంచింది, అవతలివాడన్నాడని నేను పెంచాను. పదిహేడు దగ్గర పాట ఆగింది. జీవితంలో మొదటిసారి మేమిద్దరం ఒకే మాటకు ఒకే కోపం తెచ్చుకున్నాం, అదీ అబద్ధపు నమ్మకం మీద.

రెండో లాటు: "'మేమేమీ గాజులు తొడుక్కుని కూర్చోలేదు.'"

"ఓ, గిది అందరంటరు," అంది ముసలామె.

"అందరంటె రేటు తగ్గుతదా?"

ముసలామె తన రెండు చేతుల గాజులు చూసుకుంది. ఆ చేతులతో ఆ రోజు పొద్దున నాలుగు బస్తాలు గుమ్మరించింది. "ఏడు," అంది. ఆమె రేటు కట్టడం అదే మొదలు.

మూడో లాటు చదివాను. "'ఆడదానికి పెట్టిపోస్తే చాలు, పెత్తనం ఇయ్యొద్దు.'"

మా తోటికోడలి కొడుక్కి అప్పటికి ఉత్సాహం వచ్చేసింది. బస్తా మీంచి లేచి, ధర్నాలో స్లోగను చెప్పినట్టు చేయి ఊపాడు.

"ఇరవై! పెద్దమ్మా, ఇరవై దెబ్బలు రాయి. గిట్లాంటోడు ఊర్ల ఉండొద్దు. గిది కచ్చితంగ అవతలి పార్టీవాడే, నాకు యాదికున్నది."

"నాకూ యాదికున్నది బిడ్డా. నోట్‌బుక్కు మొత్తంల అన్నోడు ఎవడో నాకు యాదికున్నది గిదొక్కటే."

"ఎవడు?"

"నువ్వే. మీ అక్క వచ్చి నాయిన భూమిల పాలు అడిగిననాడు వాకిట్ల నిలవడి అన్నవ్. నేను మీ అమ్మ పక్కన్నే కూసోని విన్న. ఇంటికి పోంగనే రాసిన."

ఆ నవ్వులకు రేకులు ఎగిరిపోతాయనుకున్నాను. ఇందల్వాయిలో పుట్టి ఇక్కడికి కోడలుగా వచ్చిన ఆమె ఉంది, సాధారణంగా మాట్లాడదు, ఆమె లేచి ఒక కొత్త చీపురు తెచ్చి వాడి చేతిలో పెట్టింది. "ఇరవై ఎవలు కొట్టాలె? నువ్వే కొట్టుకుంటవా, మేం కొట్టాల్నా?"

వాడు ఎర్రబడ్డాడు. "గది ఇంటి ముచ్చట. రాజకీయం గాదు," అన్నాడు.

"ఇంక ఒకటున్నది అవ్వా," అంది ఆ పిల్ల. "నీ బుక్కుల అది లేదు. రాయి."

నేను పెన్ను తీశాను. ఆమె ఒక్కొక్క మాటా చెప్పింది. పసుపు. ఏరే. చేతికి. నేను రాయడం నిదానం. ఎనిమిది మంది నా చేతినే చూస్తున్నారు. చెమటకు వేళ్ళ మీది పసుపు తడిసి కాగితం మీద పడుతోంది. ఆ వాక్యం నాకే రాస్తున్నట్టు ఉంది. నిజానికి నాకే కదా. రాయడం అయ్యాక పైకి చదివాను. నిన్న వినడం వేరు, నా చేత్తో రాసి నా గొంతుతో చదవడం వేరు.

"లాటు నంబరు?" అని అడిగింది.

"ముప్పై ఎనిమిది."

"రేటు చెప్పుండ్రి."

ఇప్పుడు కుప్ప ఎవరిదో అందరికీ తెలుసు. మా పార్టీ నలుగురం నేల చూశాం. వియ్యపురాలు నోరు తెరిచి, ఎందుకో ఊరుకుంది. తాను ముందు చెబితే అది పార్టీ మాట అయిపోతుందని ఆగానని తర్వాత చెప్పింది.

"నేను నవ్విన," అన్నాను. "నా రేటు చెల్లదు. మీరు చెప్పుండ్రి."

ఇంటి మొగోడి మాట ఇంట్లోనే అడగాలన్న ఆ ముసలామే చివరికి గొంతు సవరించుకుంది.

"పన్నెండు."

"పన్నెండే ఎందుకే?"

"చీపుర్లు గన్నే తెచ్చిండు గద."

ఆ పిల్ల సంతకం కాగితం ఒళ్ళోకి లాక్కుంది. వాడు సంతోషంగా పెన్ను అందించాడు. ఆమె పెన్ను పక్కన పెట్టి, నీళ్ళ సీసాలో బొటనవేలు తడుపుకుని, జల్లెడ కింద రాలిన పసుపు పొడిలో అద్ది, సంతకం పెట్టే చోట గుండ్రంగా, దిట్టంగా ఒక బొట్టు పెట్టింది.

"తీస్కపో అన్నా. మీ లీడరు చెప్పినట్టే పెట్టిన."

"చెల్లె, గిది చెల్లదు!"

"గదేంది? నా చేతికి గదే వస్తదని మైకుల చెప్పిండు గద. ఆయన మాట అబద్ధం జేస్తవా?"

వాడు నా వైపు చూశాడు. నేను గడియారం వైపు చూశాను. ఒంటిగంట నలభై. ఇంకో కాగితం తెస్తానంటూ పరుగెత్తాడు. తెస్తాడు కూడా. ఆ పిల్ల ఫోను అప్పుడే మళ్ళీ మోగింది, మస్కట్ నుంచి. ఎనిమిదోసారి. ఆమె మొహం చూస్తే ఇంకో కాగితం వస్తే ఈసారి పెన్నుతోనే పెట్టేస్తుందేమో అనిపించింది. ఒక్కసారి తెగించడం తేలిక, గంటలో రెండుసార్లు తెగించడం కష్టం.

"ఫోన్ బందు పెట్టు," అన్నాను. "చీపుర్లు పట్టుండ్రి. లీడరింటికి పోదాం."

"లీడరింటికా!"

"వాడు నిన్ను షెడ్డుల దేవులాడ్తడు, మీ ఇంట్ల దేవులాడ్తడు, బస్టాండుల దేవులాడ్తడు. వాళ్ళ లీడరింట్ల దేవులాడ్తడా?"

ఎనిమిది మందిమి బయల్దేరాం. దారిలో అవతలి పార్టీ కుర్రాళ్ళిద్దరు బండి ఆపి, "చెల్లె, మా పార్టీ నీ ఎంబడి ఉన్నది" అంటూ ఆ పిల్ల మెడలో కండువా వేయబోయారు. అంత త్వరగా వాళ్ళకు ఎవరు చెప్పారో దేవుడికే తెలియాలి. వాళ్ళ పార్టీదే అయిన మా వియ్యపురాలు చీపురు అడ్డం పెట్టింది.

"ముందుగాల లిప్‌స్టిక్ ముచ్చట తేల్చుండ్రి. అటెన్క పెన్ను ముచ్చటకు రండ్రి."

"అత్తా, నువ్వు మనోళ్ళదానివి గాదా?"

"మనోళ్ళదాన్ని గనుకనే చెప్పుతున్న. వేరేటోళ్ళనైతె కొట్టేదాన్ని."

లీడరు ఇంట్లో లేడు. మున్సిపాలిటీ ఆఫీసు ముందు ఆ కాగితం కోసమే ఎదురుచూస్తున్నాడట. తలుపు తీసింది ఆయన భార్య, పోస్టర్లలో మోచేతి దగ్గర ఉండే ఆమె. దగ్గర్నుంచి చూస్తే ఎత్తు మనిషే. చీపుర్లు చూసి భయపడలేదు. లోపలికి రమ్మని, చాప వేసి, చాయ్ పెట్టింది. పోటీదారు పక్కనే పోటీదారు కూర్చుని చాయ్ తాగడం నేను మొదటిసారి చూశాను.

నేను నోట్‌బుక్కు తీసి ముప్పై ఎనిమిదో లాటు చదివాను. ఆమె కాసేపు ఊదుకుంటూ చాయ్ తాగింది.

"మీరు ఒక్కనాడు విన్నరు," అంది. "నేను పొద్దుగాల లేస్తె వింట. నామినేషన్ కాడ నేను సంతకం పెడ్తుంటె, 'సక్కగ పెట్టు, గీత దాటియ్యకు' అని చెయ్యి పట్టుకున్నడు. నేను డిగ్రీ చదివిన."

ఆ పిల్ల మెల్లగా అడిగింది, "అక్కా, నేను తీసేసుకోవాల్నా?"

"ఎందుకు తీసుకుంటవ్? నువ్వు లేకపోతె నేను ఒక్కదాన్నే మిగుల్త. ఎవ్వలు లేకుంట గెల్పిచ్చిన అని జీవితమంత అంటడు. నువ్వుండు. ఉంటె నేను గెలిచిన అని చెప్పుకోవచ్చు, ఓడిన అని చెప్పుకోవచ్చు. ఏదైతేంది, అది నాదైతది."

వాళ్ళ హాల్లో గడియారం మా దానికంటే పెద్దది. మూడు కొట్టింది. ఆ పిల్ల మూడు గంటలూ లెక్కపెట్టి, చాయ్ కప్పు కింద పెట్టి, ఊపిరి వదిలింది. మేం లేచాం.

"ఒక చీపురు గీడ పెట్టి పోండ్రి," అంది ఆవిడ. దేనికని మేం అడగలేదు.

నాలుగింటికి పదకొండు చీపుర్లతో చౌరస్తాకు పోయాం. లిప్‌స్టిక్ మాటకూ, పెన్ను మాటకూ ఒకే గొంతుతో అరిచాం. మా పార్టీ టీవీలో లిప్‌స్టిక్ వచ్చింది, పెన్ను కోసేశారు. అవతలి పార్టీవాళ్ళు ఫోన్లలో పెన్ను తిప్పారు, లిప్‌స్టిక్ కోసేశారు. రెండూ చూసినవాళ్ళు మేం రెండు ధర్నాలు చేశామనుకున్నారు. నా కండువా ఆ వారంలోనే వాపసు అడిగారు, ఇచ్చేశాను. తర్వాత ఎన్నికలో లీడరు భార్య గెలిచింది, మా పిల్ల కొద్దిలో ఓడింది. మరుగుదొడ్డికి గుంత తవ్వారు. గుంతే ఉంది ఇప్పటికి. అడగడానికి ఇద్దరూ కలిసి పోతున్నారు.

ఆ రోజు ఉన్నవాళ్ళను రాయమని షెడ్డులో అందరూ పట్టుబట్టారు, పేర్లు మాత్రం వద్దన్నారు. ఎవరెవరో ఆర్మూర్‌లో తెలియనివాళ్ళు లేరు. గోళాలు చూసే పెద్దామె ఉంది. మా వియ్యపురాలు ఉంది. ఇందల్వాయి ఆడబిడ్డ ఉంది. పెర్కిట్ నుంచి వచ్చే తోటికోడళ్ళిద్దరూ ఉన్నారు, చాయ్‌లో చక్కెర తక్కువైందని చెప్పింది వాళ్ళే. ఎవరు కండువా వేస్తే వాళ్ళ పార్టీ అయిన ఇద్దరిలో ఒకామె ఉంది. రెండో ఆమె, సిరికొండామె, షెడ్డులో ఉంది, బస్సు తప్పిపోతుందని లీడరింటికి రాలేదు. వచ్చినట్టు రాయమని బతిమాలింది, రాయను. మా తోటికోడలి కొడుకు ఒంటిగంట నలభై వరకు ఉన్నాడు. లీడరు భార్య తన ఇంట్లో తాను ఉంది. నేనున్నాను. మూడు దాటిన తర్వాత కూడా పోటీలో ఉన్న అభ్యర్థి ఉంది.